మావయ్య చేతిరాత

రంగూన్‌లోని మా బారక్కు గుమ్మంలో టపా బంట్రోతు ఉత్తరం నా చేతికిచ్చాడు. పైన విలాసం కొత్త చేతిరాతలో ఉంది. తొమ్మిదేళ్ళుగా అమ్మ పేరున నాకు వచ్చిన ప్రతి ఉత్తరమూ మా మేనమామ రాసిందే. ఆయన అక్షరాలు ఇరుకు గట్టు మీద ఎద్దుల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ నడుస్తాయి. ఇవి గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. విప్పకముందే తెలిసిపోయింది, మావయ్య లేడని. ద్రాక్షారామం దగ్గర మా ఊళ్ళో, మూడు రోజుల జ్వరంతో పోయాడట. రాసింది బడిపంతులుగారు.

సిపాయికి ఏడవడానికి చోటుండదు. ఆ రోజూ పరేడుకి వెళ్ళి వచ్చాను. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు, అందుకని రాస్తున్నాను. పటాలంలో చేరాలని ఉబలాటపడే పిల్లలెవరైనా చదివితే మరీ మంచిది.

నా పదహారో ఏట భీమేశ్వరస్వామి తీర్థంలో ఎర్రకోటు వేసుకున్న సిపాయిని చూశాను. అంతే, మతిపోయింది. ఇంటికొచ్చి పటాలంలో చేరతానన్నాను. నాన్న అప్పటికి పోయి నాలుగేళ్ళు. అమ్మ అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. నాకు బుద్ధి చెప్పమని తమ్ముడికి కబురు పెట్టింది. మావయ్య పటాలంలో చేసి వచ్చినవాడే.

తిట్లకి సిద్ధపడి కూర్చున్నాను. ఆయన తిట్టలేదు. తాపీగా చుట్ట చుట్టుకుంటూ అడిగాడు.

"ఏరా అల్లుడూ, నీకు ఉత్తరం రాయడం వచ్చా?"

"తుపాకీ పట్టుకోడానికి ఉత్తరమెందుకు మావయ్యా?"

"తుపాకీ వాళ్ళే నేర్పుతార్రా. ఇది నేర్పరు."

ఊరందరికీ తెలిసినా నాకెవరూ విడమరిచి చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. ఆయనా సముద్రం దాటి ఈ రంగూన్‌కే వచ్చాడు. అక్షరం ముక్క రాదు. మా పక్క ఊరి సిపాయి ఒకతను ఆయన తరఫున ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. అతను జ్వరాల్లో పోయాడు.

"ఇంకొకణ్ణి అడగొచ్చు. నామోషీ అనిపించింది. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి. అలా రెండేళ్ళు అయిపోయింది."

ఈలోగా పక్క ఊరికి ఆ చావు కబురు చేరింది. ఉత్తరాలు కూడా ఆగిపోయేసరికి ఇద్దరూ పోయారనే మావాళ్ళు నమ్మారు. ఏడాది ఎదురుచూసి, దర్భలతో మనిషి బొమ్మ చేసి గోదావరి ఒడ్డున దహనం చేసి, కర్మ జరిపించారు. అత్తయ్య బొట్టూ గాజులూ తీసేసింది. అమ్మమ్మకి మెతుకు దిగలేదు. నెల తిరక్కుండా ఆవిడా పోయింది. ఆ తరవాత నాలుగు నెలలకి మావయ్య కాలవ పడవ దిగి నడుచుకుంటూ వచ్చాడు.

కర్మ జరిగినవాడు తిరిగొస్తే మళ్ళీ పుట్టినట్టే లెక్కన్నారు పురోహితుడుగారు. ముప్ఫై రెండేళ్ళ మనిషికి పురిటి స్నానం చేయించి, పసిబిడ్డకి చేసినట్టు పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాశారు. అత్తయ్యకి ఆయన చేతే మళ్ళీ పుస్తె కట్టించారు. నామకరణానికి పీట మీద తల్లి కూర్చోవాలి. ఆ పీట మీద మా అమ్మ కూర్చుని తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుంది.

"బియ్యంలో నా పేరు అందరూ చదివార్రా," అన్నాడు మావయ్య. "నేనే చదవలేకపోయాను. నా సిగ్గు మా అమ్మని తినేసింది."

చుట్ట వెలిగించకుండానే చెవి వెనక దోపుకున్నాడు.

"నిన్ను వద్దనను. సిపాయి ఒక్కడే చేరతాడనుకోకు, ఇంటిల్లిపాదీ చేరతారు. మీ అమ్మకి నీ చేత్తో నువ్వు ఉత్తరం రాయగలిగిన రోజు నేనే తీసుకెళ్ళి చేర్పిస్తాను."

మర్నాటి నుంచి వీధిబడి. మీసాలొస్తున్న నేను, నా పక్కన నలభై దాటిన మావయ్య, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతూ. మీకెందుకండీ ఈ వయసులో అని పంతులుగారు అడిగితే, "వీడు రాస్తే వాళ్ళమ్మకి చదివిపెట్టేవాడు ఉండాలి కదండీ" అన్నాడు. పిల్లలు నవ్వితే, "నేను పుట్టి పదేళ్ళేనర్రా, మీ ఈడువాణ్ణే" అనేవాడు.

ఏడాది తిరిగేసరికి మాట నిలబెట్టుకున్నాడు. రాజమండ్రి దాకా వచ్చి నన్ను చేర్పించి, మూటలో జంతికల పక్కన రెల్లు కలాలు కట్ట కట్టి పెట్టాడు.

నేను ఏ నెలా తప్పలేదు. ఒకసారి బద్ధకించి రెండు ముక్కలే రాస్తే చివాట్లు పెట్టాడు: "చదవడం అయిపోయిందంటే మీ అమ్మ నమ్మలేదు. కాగితం వెనక్కి తిప్పి చూడమంది." ఆ తరవాత ఎప్పుడూ రెండు వైపులా నింపాను. ఆయన ఉత్తరాలన్నీ ఒకే తీరున ముగిసేవి: "అమ్మ కులాసా. నేనూ బతికే ఉన్నాను."

పంతులుగారి ఉత్తరం వచ్చిన ఆరో రోజున ఇంకొకటి వచ్చింది. తోసుకుంటూ నడిచే అక్షరాలు. పొరపాటున వేరే పటాలానికి వెళ్ళి తిరిగొచ్చిందని పైనున్న ముద్రలే చెపుతున్నాయి. ఆయన మంచాన పడకముందు రాసింది. అన్నీ తెలుసు. అయినా, ఒకసారి తిరిగొచ్చిన మనిషే కదా అని నా పిచ్చి మనసు ఆశపడింది. దీపం దగ్గరికి తీసుకెళ్ళి విప్పాను.

వానలు, అమ్మ మోకాళ్ళ నొప్పులు, నా పెళ్ళి మాట. చివర ఎప్పటిలాగే, అమ్మ కులాసా, నేనూ బతికే ఉన్నాను. కింద ఇంకో ముక్క: "వెంటనే జవాబు రాయి."

రాశాను, రెండు వైపులా. అమ్మకి ఇప్పుడు పంతులుగారే చదవాలి. కానీ పైన మావయ్య పేరే రాశాను. తన పేరు చదవడం ఇప్పుడు ఆయనకి వచ్చు.