ఆయనా, వాడా?

సోమవారం పొద్దున నంగునూరులో, నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన ఇంకా అయిపోలేదు. డిగ్రీలో నాతో చదివిన మల్లేశం ఫోన్ చేశాడు. "మన తెలుగు సార్ పోయిండే. హైదరాబాద్ దవాఖానల. పగటికల్లా సిద్దిపేటకు తెస్తున్నరు." ఏడుపు రావాలి కదా, నాకు ఒళ్లు మండింది. పోయిన నెలే ఫోన్‌లో "ఇంటికి రా బిడ్డా, మన కొట్లాట సగంల ఉన్నది" అన్నారు సార్. సెలవులకు వస్తానన్నాను. ఆయన ఆగలేదు.

ఆ కొట్లాట ఒక్క మాట మీద. డిగ్రీ రెండో ఏడు మాకు ఒక పాత విషాదాంత నాటకం పాఠంగా ఉండేది. రాజ్యం కోసం తమ్ముణ్ని చంపించిన రాజు, చివరికి కన్నకొడుకును పోగొట్టుకుంటాడు. పాత్రల స్వభావం మీద పరీక్షలో పెద్ద ప్రశ్న తప్పకుండా వచ్చేది. పక్క సెక్షన్ వాళ్లు గైడు బట్టీపట్టి హాయిగా ఉన్నారు. మా సార్ నోట్సే ఇవ్వలేదు, మీరే రాయండన్నారు. తీరా రాస్తే ఆయన, అతడు, వాడు అన్న మాటలన్నింటికీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టారు. నా కాగితం తట్టు పోసినట్టు తయారైంది.

"మొదటి పేజీల రాజును 'ఆయన' అన్నవ్. మూడోదాంట్ల 'వాడు' అన్నవ్. ఏడ దించినవ్?"

"తమ్ముణ్ని చంపించిండు గద సార్!"

"చంపించిండు. గది రాయి. మనిషిని తక్కువ జేసి రాయకు."

"మరి హంతకునికి దండం పెట్టాల్నా?"

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. టిఫిన్ డబ్బాలోంచి సర్వపిండి ముక్క తుంచి నాకిచ్చారు. ఎదురు మాట్లాడినవాళ్లకు అది ఆయనిచ్చే బహుమానం. కోపంతో నేను తీసుకోలేదు. అప్పట్లో నాకెంత పొగరు!

ఆ నాటకంతోనే నెల గడిచింది. సిలబస్ సగం మిగిలిపోయింది. ఇంటికి పోయే కోహెడ బస్సులో నిలబడి, ఆయన్ను తిట్టుకుంటూ మిగతా పాఠాలు నేనే చదువుకున్నాను. పరీక్షలోనూ రాజును "వాడు" అనే రాశాను. ఇప్పటికీ నాదే రైటంటాను. అయినా నా బడిపిల్లలు దొంగ పాత్రను "వాడు" అని రాస్తే చాలు, నా పెన్ను సున్నా చుట్టేస్తుంది. ఇదెక్కడి పీడ నాకు అంటించి పోయారో! "రాజు ఏ రంగంల వాడైతడు, మీరే చెప్పున్రి" అని ఎన్నిసార్లు అడిగినా "నువ్వు చెప్పు, నేను వింట" అనేవారు. చెప్పకుండానే పోయారు.

ఆ సోమవారం మధ్యాహ్నం సిద్దిపేటలో సార్ వాళ్లింటి ముందు టెంటు కింద పాత విద్యార్థులమే ఎక్కువమందిమి. అంబులెన్స్ ఆగింది. "బాడీ వచ్చింది" అన్నారెవరో. మల్లేశం పరుగెత్తి స్ట్రెచర్ ముందు కొస పట్టుకున్నాడు. "గీడ, అరుగు మీద పెట్టుర్రి దాన్ని" అని కేకేశాడు.

దాన్ని! తమ్ముణ్ని చంపించిన రాజును కూడా నేను "వాడు" దాకానే దించాను.

"దాన్ని ఏందిరా? సార్‌ను అను!" అని అరిచాను. టెంటు కిందివాళ్లంతా తిరిగి చూశారు. మల్లేశం బిత్తరపోయాడు. కళ్లనిండా నీళ్లు. స్ట్రెచర్ వదలకుండానే వెనక పట్టుకున్నవాళ్ల వైపు మెడ తిప్పాడు.

"సార్‌ను మెల్లగ దించుర్రి. తలకాయ తాకుతది."