చివరి చూపు డబ్బా

నేను ఏడో తరగతి తప్పలేదు, గట్టెక్కనూ లేదు. పరీక్షకు ఆలస్యంగా వెళ్లాను, అంతే. ఆ పొద్దున కీసర దగ్గర హైవే మీద పుచ్చకాయల లారీ పల్టీ కొట్టింది. లెక్కల పరీక్ష ఎక్కడికీ పోదు, కాయలు పోతాయి అని లెక్కేసుకున్నాను. నా లెక్కలు అంత గట్టివి మరి. చంకలో కాయ పెట్టుకుని నందిగామ బడికి చేరేసరికి గేటుకు తాళం. గేటు బయట నా స్నేహితుడు నిలబడి ఉన్నాడు. అందరికంటే ముందు వచ్చినవాడు, గంట కొట్టినా లోపలికి వెళ్లకుండా నా కోసం రోడ్డు వంక చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వెళ్లి రాసుకోవచ్చు కదరా!"

"నువ్వు లేకపోతే ఎవడి పేపర్లో చూసి రాయాలి?"

"నా పేపర్లో ఏముంటదిరా?"

"ఆ సంగతి ముందే చెప్పొద్దూ?"

బడి గోడకేసి కాయ పగలగొట్టుకుని తిన్నాం. మా ఇద్దరి చదువూ అక్కడితో సరి. వాడు లారీ క్లీనరై, ఆ తర్వాత డ్రైవరై, జగ్గయ్యపేటలో కాపురం పెట్టి సిమెంటు లోడ్లతో దేశమంతా తిరిగాడు. నేను నందిగామలో రోడ్డు పక్కన పంక్చర్ల షాపు పెట్టాను. తిరగడం వాడి పని, తిరిగేవాళ్లు ఆగిపోతే చూడటం నా పని.

మా అమ్మ మే నెలలో పోయింది. అక్కా బావా సోలాపూర్‌లో ఉంటారు, అక్కడ మగ్గాల పని. కబురు అందగానే అక్క బయల్దేరింది. ఐసు దిమ్మలు తెచ్చి అమ్మ చుట్టూ పేర్చాం. మా మెట్ట ఎండలకు ఐసుకు కూడా చెమటలు పట్టాయి. ఫ్రీజర్ బాక్సు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు గానీ, పంక్చర్లు వేసుకునేవాడు ఆ అద్దె వింటే తనే అందులో పడుకోవాలి. ఇక ఆగితే బాగుండదన్నారు పెద్దవాళ్లు. అక్క వచ్చేసరికి చితి ఆరిపోయింది. ఆవిడ ఏడవలేదు. నా చొక్కా పట్టుకుని ఒకే మాట అడిగింది.

"ఒక్క పూట ఆగలేకపోయారంట్రా?"

ఆవిడ చేతిలోని సంచీ అందుకుని లోపల పెట్టాను.

కర్మకాండ అయ్యాక నా డ్రైవరు స్నేహితుడు షాపుకు వచ్చి పాత టైరు మీద కూర్చున్నాడు.

"మనమే ఒక బాక్సు కొందాంరా. అద్దె లేకుండా ఇద్దాం. ఎవరి అక్క ఎక్కణ్నుంచి వస్తున్నా సరే, ఆగుద్ది."

"డబ్బులెవడిస్తాడు?"

"అడుగుదాం."

"ఎలా అడగాలో తెలుసా?"

"తెలీదు. అడిగితే తెలుస్తది."

నేను వాణ్ని ఆటపట్టించాను. వాళ్లు ముస్లింలు, పొద్దున పోతే సాయంత్రానికి మట్టి ఇచ్చేస్తారు. "మీకు ఫ్రీజర్‌తో పనేంట్రా?" అన్నాను.

"నాక్కాదు, నీకు. నువ్వు పోయే టైముకి నేను ఏ నాగపూర్లోనో లోడు దింపుతుంటా. నేనొచ్చేదాకా నువ్వు చెడిపోకుండా ఉండొద్దూ?"

"చెడిపోటానికి నాలో ఇంకా ఏం మిగిలిందిరా?"

ఇంకొందరిని కలుపుకుని సంఘమని ఒక పేరు పెట్టుకున్నాం. రేకు డబ్బాకు తాళం వేసి, 'శవముల ఫ్రీజరు కొరకు విరాళములు' అని కాగితం అంటించి బస్టాండు ఎదురు టిఫిన్ హోటల్లో పెట్టాం. మర్నాడే హోటలాయన డబ్బా తెచ్చి నా షాపులో పడేశాడు. "పొద్దున్నే నా ఇడ్లీ పక్కన శవాన్ని కూర్చోబెడతావా? నీకే పంక్చర్ చేస్తా చూడు!"

నాకు తెలివి ఎక్కువ కదా, ఈసారి మాట మార్చాను: 'నేడు వారికి, రేపు మీకు.' కిరాణా కొట్టు దగ్గర ఒక పెద్దాయన అది చదివి, "నువ్వెప్పుడు పోతావో చెప్పు నాయనా, ఆ రోజు సంతోషంగా ఇస్తా" అన్నాడు.

నేను కాగితం రంగు, డబ్బా, చోటు, మాట అన్నీ ఒకేసారి మార్చేద్దామన్నాను. వాడు వద్దన్నాడు. "బండి పక్కకి లాగుతుంటే టైరూ స్టీరింగూ ఒకేసారి విప్పుతావా? ఒకటి మార్చి తోలి చూడు. తేడా దేనివల్ల వచ్చిందో తెలవాలి కదా." అదే మా పద్ధతి అయింది. ఒక వారం ఒక్కటే మార్పు. వారాంతంలో డబ్బా ఊపి చూడటం. మా చదువుకు చప్పుడే లెక్క. శవం ఫ్రీజరు మీద ప్రయోగాలు చేస్తున్నామని ఇంట్లో అంటే, ప్రయోగమంటే చేతబడి అనుకుని మా ఆవిడ నాకు నిమ్మకాయతో దిష్టి తీసింది.

'శవం' తీసేసి 'చివరి చూపు కోసం' అని రాశాం. అదే హోటలు, అదే డబ్బా. ఆ వారం కొంచెం చప్పుడు చేసింది. తర్వాత మాట అలాగే ఉంచి చోటు మార్చాం. ఆసుపత్రి ముందు పెడితే ఖాళీ. ప్రాణం కోసం లోపలికి పోయేవాడికి ఆ మాట చూపించకూడదని అప్పుడు అర్థమైంది. బట్టల కొట్లో అంతంతమాత్రం. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దాబాలో పెట్టాక మాత్రం డబ్బా ఊగడం మానేసింది, అంత బరువు. ఎందుకో చూద్దామని ఇద్దరం వెళ్లి కూర్చున్నాం. పల్నాడు వైపు డ్రైవరొకడు ఆ కాగితం చదివి, పర్సులోంచి నోటు తీసి మడిచి వేశాడు. "మా నాయన పోయినప్పుడు నేను ఒరిస్సాలో ఉన్నానండి" అన్నాడు. చెప్పిన టీ తాగకుండానే బండెక్కాడు.

మావాడు ఆ బండి పోయినవైపే చూస్తూ, "మనం తప్పు మనిషి కోసం అడుగుతున్నాం రా. పోయినోడి కోసం కాదు, దార్లో ఉన్నోడి కోసం అడగాలి" అన్నాడు. ఆ వారం కాగితం మీద 'దారిలో ఉన్నవాళ్ల కోసం' అని మార్చాం. ఆ మాట మళ్లీ మార్చాల్సిన పని పడలేదు. బాక్సు కొన్నది ఆ మాటతోనే.

కొన్నాక కూడా ఖర్చు ఆగదు కదా. వ్యాను డీజిలు, కంప్రెసర్ రిపేరు, కరెంటు పోతే జనరేటరు. ఇచ్చినవాళ్లలో నంబర్లు చెప్పినవాళ్లను ఫోనులో ఒక గ్రూపుగా కలిపి ధన్యవాదాలు రాసి పంపితే ఎవరూ పలకలేదు. అప్పుడు మావాడు ఏ లోడు మీద ఉన్నా బండి పక్కకు ఆపి తన గొంతు రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాడు. "మీ బాక్సు ఇవాళ ఫలానా ఊళ్లో ఉందండి. కొడుకు వచ్చిందాకా ఆగిందండి." పేర్లు చెప్పడు, మళ్లీ ఇవ్వమని అడగడు. అది విని నెలనెలా ఇచ్చేవాళ్లు తయారయ్యారు. ఒకసారి వాడి బదులు నేను మాట్లాడి చివర్లో చిన్న జోకు కలిపాను. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. నా జోకు ఖరీదు కూడా ప్రయోగం చేసే తెలుసుకున్నాం.

ఒక్క ప్రయోగం మాత్రం వాడు చేయనివ్వలేదు. బాక్సు తిరిగి తెచ్చుకునేటప్పుడు ఆ ఇంట్లోనే అడిగితే బాగా ఇస్తారని నేనంటే, "ఏడ్చేవాడి జేబు వంక చూడకూడదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహంలో నవ్వు లేదు.

మొన్నటి ఎండల్లో వేదాద్రి అవతల ఒక పల్లెకు బాక్సు తీసుకెళ్లాను. ముసలామె పోయింది. ముంబైలో ఇళ్లల్లో పనిచేసే కూతురు బయల్దేరి వస్తోంది. గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఊళ్లో కరెంటు లేదు. మా జనరేటరు నాలాంటిదే, పక్కన మనిషి ఉంటేనే పనిచేస్తుంది. అది ఆగకుండా చోక్ సర్దుకుంటూ కూర్చున్నాను. అప్పుడు మావాడి బావమరిది ఫోన్ చేశాడు.

"అన్నా, బావ పోయాడన్నా. పొద్దున ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు, ఆసుపత్రి దాకా కూడా పోలా. సాయంత్రం అసర్ నమాజు కాగానే మట్టికి తీసుకెళ్తాం. వచ్చెయ్."

వచ్చేస్తున్నా అన్నాను. లేచాను కూడా. జనరేటరు దగ్గింది. మళ్లీ కూర్చున్నాను. అరుగు మీద ముసలాయన, "ఏంటయ్యా, పెట్రోలు అయిపోయిందా?" అని అడిగాడు. "లేదులే బాబాయ్, ఉంది" అన్నాను. నిజం చెబితే పొమ్మనేవాడు. పొమ్మంటే పోయేవాణ్ని. అక్క నా చొక్కా పట్టుకున్నచోట ఇంకా ఎవరో పట్టుకున్నట్టే ఉంది.

పొద్దు వాలాక ముంబై కూతురు సంచీతోనే పరిగెత్తుకొచ్చి బాక్సు అద్దానికి చెంప ఆనించింది. నేను ఇంకెటూ చూడకుండా వ్యానెక్కాను.

జగ్గయ్యపేట శ్మశానానికి చేరేసరికి అందరూ వెళ్లిపోయారు. కొత్త మట్టి మీద చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. వచ్చినవాళ్లంతా తలా గుప్పెడు వేసి వెళ్లి ఉంటారు. నా వాటా గుప్పెడు మట్టి కూడా వాడు మిగల్చలేదు. బోలెడు మంది మొహాల కోసం బాక్సు మోసినవాణ్ని, నేను చూడాల్సిన ఒక్క మొహం ఆ మట్టి కింద ఉంది.

ఆ రోజు కబురు నేనే పంపాను. "మీ బాక్సు ఇవాళ వేదాద్రి అవతల ఉందండి. కూతురు వచ్చిందాకా ఆగిందండి." 'రోజూ మాట్లాడే అన్న ఏడండీ?' అని జవాబులు వచ్చాయి. వాడు పోయాడని కొన్ని రోజులకు చెప్పాను. ఆ వారం గరికపాడు డబ్బా ఎప్పుడూ లేనంత బరువు తూగింది. దాబా ఆయన రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు. అదే కాగితం, అదే చోటు, అదే మాట. ఈసారి మారింది ఒక్కటే. అది మార్చి చూద్దామని మేం ఎప్పుడూ అనుకోలేదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వాళ్లింటికి వెళ్లాను. భర్త పోయిన ఆడమనిషి వాళ్లలో కొన్నాళ్లు బయటి మగవాళ్లకు కనపడదు. వాడి భార్య తలుపు తెర వెనక నుంచే మాట్లాడింది.

"అన్నం తిన్నారా అన్నయ్యా?"

"తిన్నానమ్మా." ఏదో నవ్వించే మాట చెబుదామని నోరు తెరిచాను. అక్క మాట వచ్చింది. "వాడు ఒక్క పూట ఆగలేకపోయాడా, చెల్లెమ్మా, నా కోసం?"

తెర వెనక ముక్కు చీదిన చప్పుడు. ఆ తర్వాత అచ్చం వాడు అన్నట్టే అంది.

"మీ కోసం ఒకసారి ఆగే కదా అన్నయ్యా, ఏడో తరగతి పోగొట్టుకున్నాడు. మళ్లీ ఆగుతాడా?"