అందరికీ అరవై కిలోలు

ఆ ఉద్యోగంలో నేను కుదురుగా కూర్చున్న గంట ఒక్కటి కూడా గుర్తులేదు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, స్వీట్ల దుకాణం పైన ఒంటిగది ట్రావెల్ ఆఫీసు. డిగ్రీ అయిన ఏడాదే చేరాను. తొంభైల్లో చిన్న చిన్న విమాన కంపెనీలు కొత్తగా పుట్టుకొచ్చిన రోజులు. మేము టికెట్లు రాసే విమానంలో పద్దెనిమిదే సీట్లు, బేగంపేట నుంచి వైజాగ్‌కు వారానికి మూడు రోజులే. సీటు ఉందో లేదో తెలుసుకోవడానికి ఫోన్ పట్టుకుని నిలబడటమే సగం పని. నా కాళ్లు మాత్రం ఊరుకునేవి కావు. తీగ సాగినంత దూరం గదిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. "నువ్వు తిరిగినంత మన విమానం కూడా తిరగదమ్మా" అనేవారు మా ఓనరు.

ఆ కంపెనీ ఫారంలో బరువు అని ఒక గడి ఉండేది. చిన్న విమానం కాబట్టి ఎవరెంత ఉంటారో ముందే చూసుకుని సామాను, సీట్లు సర్దుకునేవాళ్లు. ఆ గడి నింపాల్సింది నేను. చిక్కడపల్లిలో ఒక పెద్దావిడను మీ బరువెంత అని అడిగి చూడండి, తెలుస్తుంది. చేరిన మొదటి వారంలోనే నేను అడిగాను. నారాయణగూడ నుంచి వచ్చినావిడ కొంగు నిండుగా కప్పుకుని, "నా బరువుతోని నీకేం పని బిడ్డా, దిష్టి పెట్టనీకా?" అంది. ఆవిడ భర్త నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నాకు తల కొట్టేసినంత పనయింది. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. లావుగా ఉన్నా అరవై, బక్కగా ఉన్నా అరవై. అందరూ కలిసి సరిపోతారులే అని నా ధీమా. చాలా నెలలు సరిపోయింది కూడా.

ఒక మధ్యాహ్నం నారాయణగూడలో అపార్టుమెంటు కడుతున్న కాంట్రాక్టరు పైకి వచ్చాడు. వెనకే ఆయన దగ్గర పనిచేసే మేస్త్రీ, మహబూబ్‌నగర్ వైపు మనిషి, చెప్పులు గుమ్మం బయటే వదిలి నిలబడ్డాడు.

"ఈయన తమ్ముడు వైజాగ్‌ల నా ఇంకో సైటు కాడ నాలుగో అంతస్తు మీదికెల్లి పడ్డడు" అన్నాడు కాంట్రాక్టరు. "కాలు కుళ్లవట్టింది. మోకాలు కిందికి తీసేస్తే చాలంటున్నరు డాక్టర్లు. వాడేమో అన్న రానిది కత్తి పెట్టనియ్య అని మొండికేసిండు. రేపు దాటితే తొడదాక తియ్యాలంట."

మరుసటి ఉదయం విమానంలో ఒక్కటే సీటు మిగిలింది. టికెట్ రాసి ఇచ్చాను. మేస్త్రీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "పొద్దుగాల పదింటివరకు దవాఖానల ఉంటనా అక్కా?" అని అడిగాడు. నాకంటే పదేళ్లయినా పెద్దవాడు.

"ఉంటవన్న" అన్నాను. అంత గట్టిగా అంతకుముందు ఎవరికీ మాటివ్వలేదు.

అదే విమానంలో మా ఓనరు వదినగారి కుటుంబం అడిక్‌మెట్ నుంచి పెళ్లికి వెళుతోంది. అయిదుగురు. అయిదుగురూ ఒకరిని మించి ఒకరు నిండైన మనుషులు. అయిదు గడుల్లోనూ అరవై రాశాను.

విమానం ఉన్న రోజు ఏడింటికే ఆఫీసు తెరిచేదాన్ని. ఆ రోజు తాళం తీస్తుంటేనే ఫోన్ మోగింది. బేగంపేట కౌంటర్‌లో మనిషి.

"ఏంది మేడం, మీ లిస్టుల అందరు అరవయ్యేనా? పైలట్‌కు డౌటొచ్చి ఒక్కొక్కరిని సామాను కాంటా ఎక్కించిండు. నలభై కిలోల మీద ఎక్కువైంది. ఒకరిని దించాలె. మీ లిస్టు వల్లనే అయింది, ఆర్గురు మీ వాళ్లే. పేరు మీరే చెప్పుండ్రి, జర జల్ది."

పెళ్లివాళ్లలో ఎవరో ఒకరి పేరు చెబితే సరిపోయేది. ఆసుపత్రి సంగతి చెప్పినా ఆ మనిషి విని ఉండేవాడు. రెండూ నాకు తోచాయి, తోచలేదని అబద్ధం చెప్పను. కానీ ఓనరు వదినగారు బేగంపేటలో గొంతెత్తితే నా ఉద్యోగం ఊడుతుంది. మేస్త్రీని దింపితే అరిచేవాళ్లు లేరు. మేస్త్రీ పేరు చెప్పి ఫోన్ పెట్టేశాను.

తర్వాత కూర్చోలేకపోయాను. మెట్లు దిగడం, ఎక్కడం, రోడ్డు వైపు చూడటం. తొమ్మిదిన్నరకు ఆయన రానే వచ్చాడు. ఎవరిని అడగాలో తెలియక టికెట్ రాసిన నా దగ్గరికే వచ్చాడు.

"నేను బరువెక్కువున్ననా అక్కా?" అన్నాడు. కోపం లేదు, తెలుసుకుందామని అడిగాడంతే. "సంచిల దుప్పటి, సద్ది ఉండె. చెప్తే ఆడ్నే ఇడిసిపెడ్తుంటి."

ఆయన యాభై కిలోలు కూడా ఉండడు. పక్కటెముకలు చొక్కాలోంచి కనబడుతున్నాయి.

"అవునన్న. కొంచెం ఎక్కువైంది" అన్నాను.

ఆయన తల ఊపి బల్ల మీద కూర్చున్నాడు. నేను నారాయణగూడ దాకా పరుగులాంటి నడకతో వెళ్లి కాంట్రాక్టరును పిలుచుకొచ్చాను. సాయంత్రం రైలు తప్ప మరో దారి లేదు. అది వైజాగ్ చేరేసరికి మర్నాడు తెల్లవారుతుంది. రైలు టైము దాకా ఆయన అదే బల్ల మీద కూర్చున్నాడు, నేను గదిలో తిరుగుతూనే ఉన్నాను.

పది రోజుల తర్వాత కాంట్రాక్టరు తన టికెట్ కోసం వచ్చాడు. నేనే అడిగాను.

"తొడదాక తీసేసిన్రు" అన్నాడు. "మేస్త్రీ నిన్నేమంటలేడమ్మా. నా బరువే ఎక్కువైంది, ఆమె ఏం చేస్తది అంటుండు. గా మనిషికి బరువేంది, నాకు సమజైతలేదు."

అక్కడే అంతా చెప్పేశాను. అరవైల సంగతి, ఫోన్ సంగతి, నేను చెప్పిన పేరు. మేస్త్రీకి నేనే చెబుతానన్నాను.

"ఇప్పుడు చెప్తే కాలొస్తదా?" అన్నాడు కాంట్రాక్టరు. "ఆయన నీ మీదికి కొట్లాటకొస్తడనుకుంటున్నవా? రాడు. కూసోని ఏడుస్తడు. నాకు పనాగుతది. ఊకో."

ఊరుకున్నాను. ఊరుకోవడం నాకూ సులువుగానే ఉంది, అందుకే ఊరుకున్నాను. ఏడాది తిరగకుండానే ఆ విమానాలు ఆగిపోయాయి, నేనూ ఉద్యోగం మారాను. మేస్త్రీ మళ్లీ కనబడలేదు. ఎక్కడున్నా, తన బరువు వల్లే తమ్ముడి కాలు తొడదాకా పోయిందని అనుకుంటూ ఉంటాడు.