ఇంటికి తెచ్చే బ్యాటరీ

గౌరవనీయులైన సంబంధిత అధికారులకు, ఈ విషయంతో తమకు సంబంధం లేదని ఇదివరకే తెలియజేసిన అధికారులకు కూడా, సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా: మా మేనమామ మరణించారు. చేపల పడవలో బ్యాటరీలు సరిగా ఛార్జ్ అవుతున్నాయో లేదో చూడటానికి వెళ్లి, సముద్రంలో పడి, తిరిగి రాలేదు. మరణించారన్న మాటను తమలో ఎవరూ ఇంకా అంగీకరించలేదు కనుక, తమ ఆమోదం లభించేదాకా ఆయనను గుర్తుపెట్టుకొనే బాధ్యతను తాత్కాలికంగా పాఠకులకు అప్పగిస్తున్నాను.

మావయ్యకు చోడవరంలో, వడ్డాది వెళ్లే రోడ్డు మీద, బ్యాటరీల షాపు ఉండేది. చెరకు ట్రాక్టర్లు, రావికమతం ఆటోలు, పెళ్లిళ్లకు లైట్లు పెట్టేవాళ్ల జనరేటర్లు, ఇదే ఆయన ప్రపంచం. బ్యాటరీ వేడెక్కిందేమో చూడాలంటే అరచేతి వెనక వైపు ఆనించి చూసేవారు. నాకు చిన్నప్పుడు జ్వరం వస్తే అదే చెయ్యి నా నుదుటి మీద ఆనించి, “సార్జింగు ఎక్కువైపోనాది. నీల్లు పట్టించండి” అని మా అమ్మకు చెప్పారు. నీళ్లు పట్టించారు. తగ్గింది. ఆయన వైద్యం మీద మా ఇంట్లో నమ్మకం ఆనాటిది.

ఒక పాత, ఒక కొత్త బ్యాటరీని కలిపి వాడతామని ఎవరైనా వస్తే ఆయన ఒప్పుకొనేవారు కారు.

“పాతదాన్నీ కొత్తదాన్నీ జత కట్టకూడదు బాబూ. పాతది బాగుపడదు, కొత్తది పాడైపోద్ది.”

వెనక గదిలోంచి అత్తయ్య అందుకొనేది. “మరి మా నాన్న నిన్ను సూడ్డానికి వచ్చినప్పుడు ఈ ముక్క సెప్పలేదేటి?”

“అప్పుడు నేనూ కొత్త బేటరీనే.”

“అవునవును. తయారైన తేదీ గీకేసి అంటగట్టేరు.”

సముద్రంతో ఆయనకు పరిచయం షాపు గోడ మీది క్యాలెండరు బొమ్మ వరకే. ఒక ట్రాక్టరు రైతు తన అల్లుణ్ణి వెంటబెట్టుకొని రావడంతో అది మారింది. ఆ అల్లుడికి ఒక చేపల పడవ ఉంది. ఎటూ కాని చోట ఆగిపోయే అలవాటు దానికి ఉంది. పడవలో బ్యాటరీలు ఒకటికి మించి ఉంటాయి. ఒకటి ఇంజను లేపడానికి. మిగతావి లైట్లకు, వైర్‌లెస్‌కు, చేపల జాడ చూపే మిషనుకు, అందరి సెల్‌ఫోన్లకు. ఇంజను తిరుగుతున్నంతసేపూ డైనమో అన్నిటికీ ఛార్జింగు ఇస్తుంది. మధ్యలో ఒక గుండ్రటి స్విచ్చు. ఇంజను ఆపగానే ఆ స్విచ్చు తిప్పి మొదటి బ్యాటరీని వేరు చేయాలి. చేయకపోతే పాటలు, ఫోన్లు దాన్ని కూడా తాగేస్తాయి. ఆ తరువాత ఇంజను లేవదు.

ఆ మొదటిదానికి మావయ్య ఎర్ర రంగు పూసి, పడవవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పారు. “ఎల్లడానికి ఏదైనా సరేరా. ఇది ఇంటికి తెచ్చే బేటరీ. దీని జోలికి ఎల్లకండి.” అప్పటినుంచి పడవలో దాని పేరు అదే.

బిగించి ఇచ్చి ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. “ఒడ్డు మీద అన్ని బేటరీలూ మంచియే. నడిపి సూడాల” అని, ఈత రాకపోయినా, అలలు ఒంటికి పడకపోయినా, అప్పుడప్పుడు వాళ్లతో వెళ్లేవారు. ఒకసారి నేనూ వెళ్లాను. పడవ కదిలినది మొదలు ఆయన నిమ్మకాయ ముక్కుకు ఆనించుకొని, తల అంచు మీద వేలాడదీసి కూర్చున్నారు. కుర్రాళ్లు ఆయనను చోడవరం కెప్టెన్ అనేవారు.

“ఏటి మావా, సేపల పులుసు ఎడతన్నాం, తింటావేటి?” అన్నాడు పడవ డ్రైవరు.

“ముందు స్విచ్చు తిప్పేవా లేదా సెప్పు.”

“తిప్పేను.”

“సూసి సెప్పు.”

“మా యమ్మ తోడు మావా, తిప్పేను.”

“అయితే మీ యమ్మనొచ్చి సూసి సెప్పమను.”

చివరి రోజున ఏం జరిగిందో మాకు ఆ డ్రైవరే చెప్పాడు. కూర్చోమంటే కూర్చోకుండా గుమ్మం పట్టుకొని చెప్పాడు. ఆ రోజు వల వేసి ఇంజను ఆపాక స్విచ్చు ఎవరూ తిప్పలేదు. మావ ఉన్నాడు కదా, తిప్పుతాడని వాళ్లు అనుకొన్నారు. ఇన్నిసార్లు నేర్పాను కదా, తిప్పి ఉంటారని మావయ్య అనుకొన్నారు. వాంతులతో అడిగే ఓపిక లేకపోయింది. ఆయన పడవలో లేని రోజుల్లో ఈ పొరపాటు ఒక్కసారీ జరగలేదు. ఈ అంశాన్ని విచారణ నివేదికలో చేర్చుకోవచ్చు, విచారణ అంటూ జరిగితే.

తెల్లవారి వల లాగి తాళం తిప్పితే ఇంజను టిక్కుమంది, అంతే. దగ్గరలో ఉన్న ఇంకో పడవవాళ్లు పక్కకు వచ్చి, నిండుగా ఛార్జింగున్న బ్యాటరీ ఒకటి అరువిచ్చారు. కుర్రాళ్లు వంకరగా పట్టుకొంటే ఆసిడ్ ఒలుకుతుందని మావయ్యే లేచి, వంగి, రెండు చేతులా అందుకొన్నారు. అల వచ్చి రెండు పడవలనూ విడదీసింది.

“వదిలీ మావా, బేటరీ వదిలీ అని అందరం అరిసేం బాబూ. ‘మనది కాదురా’ అన్నాడు. ఒదల్లేదు.”

వాళ్లు దూకారు. చుట్టుపక్కల పడవలన్నీ వచ్చాయి. పొద్దు వాలేదాకా వెతికారు. దొరకలేదు.

తీరాన ఉన్న ఒక కార్యాలయం ఆయనను ‘కనబడుటలేదు’ అని నమోదు చేసింది. మరణించారని రాయాలంటే శవమైనా చూపాలి, ఏడేళ్లైనా ఆగాలి. పైగా ఆయన మత్స్యకారుడు కారు, పడవలో ఉండవలసిన వ్యక్తే కారు; ఉండకూడని మనిషి అందులోంచి ఎలా పడతారని సహేతుకంగానే అడిగారు. మా వైపు ఉన్న మరొక కార్యాలయంలో గుమాస్తాగారు ఎంతో మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

“మన మండలంలో సముద్రం లేదు కదండీ. సెరువులో పోతే రాస్తాం, నూతిలో పోతే రాస్తాం. సముద్రంలో పోనారంటే మేం ఏటని రాస్తాం?”

భౌగోళికంగా ఆయన మాటలో దోషం లేదు.

మా చర్చిలో ఆదివారం ఒక బల్ల మీదివారు మావయ్య క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థిస్తున్నారు. వెనక బల్లవారు ఆయన లేని లోటులో అత్తయ్యకు ఆదరణ కలగాలని ప్రార్థిస్తున్నారు. రెండూ ఒకే చోటికి చేరతాయి కనుక, స్పష్టత కోరుతూ వెనక్కి వస్తున్నాయేమోనని నా అనుమానం. సమాధుల తోటలో ఒక రాయి పెట్టుకొంటామంటే సంఘ పెద్దలు తలదించుకొని, ధ్రువపత్రం తెమ్మన్నారు.

మొన్న అత్తయ్య నన్ను పిలిచింది. షాపు మూసే ఉంది. ఆమె మెట్టు మీద కూర్చుంది.

“ఒరే బాబూ, నేనేటి సెయ్యాలో సెప్పు. పోయేడని ఏడిస్తే, అలాగనకమ్మా, వస్తాడంటన్నారు. వస్తాడని కూకుంటే, పాపం దీనికి మతి పోయిందంటన్నారు. డబ్బులొద్దు, ఏటీ ఒద్దు. పోయేడని ఒక్క ముక్క రాసిమ్మను. ఏడుసుకుంటాను.”

ఇది ఆమె విజ్ఞప్తి పూర్తి పాఠం. ఏడ్వడానికి అనుమతి ఏ శాఖ ఇస్తుందో నాకు తెలియలేదు. తెలుసుకోవడానికి వెళ్లిన ప్రతిచోటా, పక్క గదిలో అడగమన్నారు. ఇక పక్క గదులు లేవు.

కావున, ఉన్న నిబంధనలలో దేనినీ మార్చమని అడిగే సాహసం చేయక, వాటన్నిటికీ లోబడి, ఈ దిగువ కోరికను లాంఛనంగా దాఖలు చేస్తున్నాను.

1. చోడవరం మండలానికి వెంటనే ఒక సముద్రాన్ని మంజూరు చేయవలెను. పెద్దది అక్కర్లేదు. రేవు వద్దు, దీపస్తంభం వద్దు, చేపలు కూడా వద్దు. బ్యాటరీని రెండు చేతులా పట్టుకొన్న ఒక మనిషి పట్టేంత లోతు, ఒడ్డున మా అత్తయ్య కూర్చొని ఏడ్వడానికి చాలినంత ఇసుక ఉంటే సరిపోతుంది.