తడిక కింద నీళ్లు

బుడాన్ సాయిబు పోయి చాలా ఏళ్లయింది. మా ఇంట్లో ఇప్పుడు ఆయన మాట వస్తే "పాపం, నమ్మకస్తుడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ నమ్మకం ఎవరి గొంతు ఎండబెట్టి నిలబడిందో వీళ్లకు తెలియదు. 1961 ఎండాకాలంలో ఒక సాయంత్రం ఆయన ఇంటి గుమ్మంలో నిలబడి చూశాను నేను. ఆ చూసింది ఈనాటికీ మింగుడు పడలేదు.

మాది వినుకొండకు ఆమడ దూరంలో ఒక ఊరు. అప్పటికి కాలవ రాలేదు, కరెంటూ రాలేదు. మిరపకాయలు ఎండటానికి ఎంత మంచి ఊరో, మనుషులు బతకటానికి అంత చెడ్డ ఊరు. వైశాఖంలో పొద్దున పదింటికే వీధిలో కుక్క కూడా కనబడేది కాదు. ఊళ్లో బావులన్నీ ఉప్పునీళ్లు. కొండ కింద ఒకే ఒక్క మంచినీళ్ల బావి. ఎండాకాలం దానికి వంతులు పెట్టేవారు. గొప్ప ఇల్లయినా, పూరిల్లయినా రోజుకు నాలుగు బిందెలు. ఐదో బిందెకు చెయ్యి చాపితే చేదతాడు లాక్కునేవారు.

ఆ ఏడు మా మామగారు వెంకటనారాయణగారు మిరప కల్లంలో వడదెబ్బ తగిలి పడిపోయారు. డాక్టరు చూసి, "ఇంకోసారి వడ తగిలితే మనిషి దక్కడు, వానలు పడేదాకా చల్లటి గదిలో ఉంచండి" అన్నాడు. నిప్పుల కుంపటిలాంటి ఊళ్లో చల్లటి గది ఎక్కణ్నుంచి తెచ్చేది? మా ఆయన బెజవాడ వెళ్లి, పడమటి గుమ్మానికి సరిపడా వట్టివేళ్ల తడిక చేయించుకొచ్చారు. దాన్ని తడపటానికి కుదిరినవాడు బుడాన్.

బుడాన్‌ది పిడుగురాళ్ల వైపు. సున్నపు బట్టీల దగ్గర పుట్టి ఆ సెగలోనే పెరిగాడు. కుడికాలి వేళ్లు రెండు సున్నం తినేసింది. తెల్లదొరల రోజుల్లో బంగళాలో తడికలు తడపటానికి కుదిరి ఆ విద్య నేర్చుకున్నాడు. మా ఊరి జైతున్‌బీని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. పది నెలలు కల్లాల్లో కూలి, ఎండాకాలం రెండు నెలలు కావడి. మాట తక్కువ. తడిక దగ్గర మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు.

మొదటిరోజు మా అత్తగారు హనుమాయమ్మగారు బిందె ఎత్తి ధారగా పొయ్యబోతే చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు.

"పొయ్యటం కాదమ్మగారూ, తడపటం. గాలి లేచినప్పుడే తడపాలి. ఊరికే పోస్తే నీళ్లు దండగ."

"పోనీ, ఉప్పునీళ్లు పొయ్యరాదూ?" అన్నాను నేను.

"వారం తిరక్కుండా ఉప్పు పేరుకుపోతుందమ్మా. వేళ్లు మూసుకుపోతే ఇంక గాలెక్కడిది?"

తడిక కిందికి కిరసనాయిలు డబ్బా నిలువునా కోసి తొట్టిలా పెట్టాడు. జారిన నీళ్లు అందులో పడేవి. వాటిని చెంబుతో ముంచి మళ్లీ తడికకే చల్లేవాడు. సాయంత్రం మిగిలినవి డబ్బాల్లో పోసి కావడిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు.

"ఆ మట్టినీళ్లెందుకు సాయిబూ?" అని అడిగితే, "మేకకమ్మా" అన్నాడు.

మేకకు వట్టివేళ్ల పన్నీరట అని మేం పడీపడీ నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మొహం నాకే చూపించబుద్ధి కాదు. మా వంతు నాలుగు బిందెలూ తాగటానికి, వంటకే సరిపోయేవి. తడికకు మరో నాలుగు బిందెలు కావాలి. బుడాన్ తెస్తూనే ఉన్నాడు. అవి ఎక్కడివని మా ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. కూలి ఇస్తున్నాం, నీళ్లు వస్తున్నాయి, మామగారు హాయిగా నిద్రపోతున్నారు. ఇంకేం కావాలి?

నెల గడిచాక తడిక చట్రానికి చెద పట్టింది. తడిక పడిపోతే మామగారి సంగతేమిటని నాకు భయం పట్టుకుంది. ఆ మధ్యాహ్నం బుడాన్ బావికి వెళ్లిన సమయం చూసి, మిరపతోటకు చల్లే పురుగుమందు పొడి గోనెలోంచి దోసెడు తీసుకొచ్చాను. చట్రానికి రుద్దాను. మిగిలింది వేళ్ల సందుల్లో దులిపాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. బుడాన్ వచ్చి ఎప్పటిలాగే తడిపాడు.

"ఏదో వాసన వస్తోందేమిటమ్మా సుబ్బరావమ్మా?" అన్నారు మామగారు దగ్గుతూ.

"చెద మందు మామయ్యా. పోతుందిలెండి" అన్నాను. సాయిబుకు మాత్రం చెప్పాలని తోచలేదు.

పొద్దు వాలాక బుడాన్ డబ్బాలు నింపుకుని వెళ్లిపోయాడు. నేను వసారా ఊడుస్తూ తొట్టి కదిపాను. అడుగున తెల్లగా మడ్డి పేరుకుని ఉంది. దాని చుట్టూ చీమలు, రెండు బల్లులు చచ్చిపడి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది మేక. మూగజీవాన్ని చంపిన పాపం మా ఇంటికి చుట్టుకుంటుందని చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పరుగు తీశాను. ఇంకా వెలుతురు ఉంది. నడివీధిలో కోడలు పరుగెత్తటమేమిటని అరుగుల మీదవాళ్లు నోళ్లు తెరిచారు.

బుడాన్ ఇల్లు ఊరి చివర. తాటాకు కప్పు, మట్టి గోడ. గుంజలు లేవు, పలుపుతాడు లేదు, మేక పెంట లేదు. కడుపుతో పుట్టింటికొచ్చిన కూతురు నజీరా మంచం మీద ఉంది. ఆరు రోజుల బాలింత. పక్కన ఎర్రగా, గుప్పెడంత పసిగుడ్డు. ఇసక మీద కొత్తకుండ, దాని మూతికి పలచటి గుడ్డ. జైతున్‌బీ ఆ గుడ్డలోంచి డబ్బా నీళ్లు వడగడుతోంది.

"మేకేదీ?" అన్నాను ఆయాసపడుతూ.

"మేకేంటమ్మా? మాకెప్పుడుంది మేక?" అంది జైతున్‌బీ. నా వాలకం చూసి చెంబు కుండలో ముంచి తెచ్చింది. ఇచ్చేముందు చెయ్యి ఆపింది. మావాళ్లు వాళ్లింట్లో నీళ్లు ముట్టరని ఆమెకు తెలుసు. సర్దిచెబుతున్నట్టు నవ్వింది.

"మీ ఇంటి నీళ్లేనమ్మా, ఫరవాలేదు. ఎంత కమ్మటి వాసనో చూడండి. మా పిల్లకి ఇవి తప్ప నోటికి రుచించట్లేదు."

చెంబు విసిరికొట్టాను. కుండను కాలితో తన్నాను. నీళ్లు ఇసకలోకి ఇంకిపోయాయి.

జైతున్‌బీ గొంతు చించుకుని అరిచింది. "పిచ్చిపట్టిందా నీకు? బాలింత నోటికాడ నీళ్లు నేలపాలు చేస్తావా? మా వంతు నాలుగు బిందెలూ నీ గుమ్మానికే పోస్తన్నాడుగదే! తడిక ఆరితే పని పోతుందని, కారిందే మేం తాగుతన్నాంగదే!"

వింటున్నది నా చెవులేనా అనిపించింది. వాళ్ల వంతు. నెలరోజులుగా మా మామగారికి వచ్చిన చల్లగాలి వాళ్ల నాలుగు బిందెలు. అవే మా తడికలోంచి, మా దుమ్ములోంచి జారి, మిగిలినంత మిగిలి వాళ్ల గొంతులో పడుతున్నాయి. మేం నవ్వుకున్న మేక ఈ బాలింత!

"అందులో పురుగుమందు ఉంది. నేనే తడికకు రాశాను" అన్నాను. ఎలా అన్నానో తెలియదు.

నజీరా మంచం మీదినుంచి లేవబోయి, "ఇందాకే తాగానమ్మా" అంది తల్లితో. అంటూండగానే ఆమె చేతివేళ్లు వణకటం చూశాను. పెరట్లోంచి బుడాన్ వచ్చి నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు. నా జుట్టు పట్టుకుని ఈడ్చినా, నోటికొచ్చినట్టు తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆయన నావైపు చూసి ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఆ తడిక గాలి పెద్దాయన మీదికేగదమ్మా వస్తంది?"

మేక గుర్తొచ్చింది గాని మామగారు గుర్తురాలేదు!

"జైతూ, పిల్లకి ఉప్పునీళ్లు పోసి కక్కించు. పసిదానికి పాలివ్వనివ్వకు. బండి తోలుకొస్తా" అంటూనే ఆయన పరుగు అందుకున్నాడు. రెండు వేళ్లు లేని కాలితో ఆ పరుగేమిటో, నేను అందుకోలేకపోయాను. నేను ఇల్లు చేరేసరికి తడిక పీకి వీధిలో పారేసి, ఎక్కడలేని దగ్గుతో మెలికలు తిరుగుతున్న మామగారిని చేతులమీద అరుగు మీదికి మోసుకొస్తున్నాడు. ఆయన్ని పడుకోబెట్టి, మా బండే కట్టుకుని, కూతుర్ని వినుకొండ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

ఇద్దరూ బతికారు. మామగారు రెండు రోజుల్లో తేరుకున్నారు. నజీరా ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. పసిదానికి ఏమీ కాలేదు. జరిగిందంతా నేనే మామగారికి చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి, "ఇంక నాకు తడిక వద్దు" అన్నారు. ఆ మాట విని బుడానే వచ్చాడు. మా పెట్టెలోని మంచి దుప్పట్లు అడిగి తీసుకుని, ఉప్పునీళ్లలో ముంచి గుమ్మాలకు కట్టాడు.

"ఉప్పు పేరుకుంటే దులుపుకోవచ్చు. దుప్పట్లు పాడవుతాయి, అంతే" అన్నాడు.

అంతే! మొదటిరోజే చెయ్యొచ్చు కదా అని అడగబోయి నోరు మూసుకున్నాను. బెజవాడ తడిక వేలాడేసుకుని మురుస్తున్న ఇంటివాళ్లను, మీ దుప్పట్లు పాడుచేసుకోండని ఏ కూలివాడు అడగగలడు? ఆ దుప్పట్ల గాలితోనే మామగారు మరో ఎనిమిదేళ్లు బతికారు. ఆయన పోయిన ఏడాదికే బుడానూ పోయాడు.

నజీరా ఇంటికొచ్చిన రోజున మా వంతులోంచి ఒక బిందె నేనే చంకనపెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మంచినీళ్లు, అప్పుడే తోడినవి. జైతున్‌బీ బిందె దించుకుంది. లోపలికి వెళ్లి, నేను విసిరికొట్టిన సొట్ట చెంబే తెచ్చింది. బిందెలో నిండా ముంచింది. మంచం మీదినుంచి నజీరా దాహంగా చెయ్యి చాపింది. జైతున్‌బీ కూతురికి ఇవ్వలేదు. చెంబు నా చేతికిచ్చింది.

"ముందు మీరు తాగండి" అంది.

తాగాను. చివరి గుక్క నా గొంతు దిగేదాకా కళ్లార్పకుండా చూసి, అప్పుడు కూతురికి ముంచింది.