నాలుగో సత్రం పెండింగ్

సిస్టర్ గారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను వన్ టౌన్‌లో మా బట్టల షాపులో పరుపు మీద కూర్చుని తువ్వాళ్ల కట్టలు విప్పుతున్నాను. ఫోను చేసింది ఆవిడ కూతురు. "అమ్మ ఇక లేదక్కా. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చుంది, అంతే" అంది. నేను "ఏ కుర్చీ?" అన్నాను. అలాంటప్పుడు అడగాల్సిన మాటేనా అది? నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్ల మాత్రం తప్పు పట్టకుండా, "కొండ పక్క కుర్చీయే అక్కా" అని ఏడ్చింది. కొండ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆవిడెవరో చెప్పాలి.

ఇబ్రహీంపట్నంలో మేం పై వాటాలో అద్దెకుంటాం. ఇల్లు ఆవిడది, కింది వాటాలో ఉండేవారు. కరెంటు ప్లాంటు కాలనీ డిస్పెన్సరీలో ముప్పై ఏళ్లు నర్సుగా చేశారు. కాలనీలో సగం మంది పిల్లలకి మొదటి సూది పొడిచింది ఆవిడే. వాళ్లు పెరిగి పెద్దవాళ్లయ్యాక కూడా ఆవిడ ఎదురుపడితే తెలియకుండానే జబ్బ తడుముకునేవారు. ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు. అందరికీ సిస్టర్ గారే. మెత్తగా మాట్లాడేవారు, కానీ ఆ మెత్తదనంలో ఎదురు చెప్పే సందు మాత్రం ఉండేది కాదు.

రిటైరయిన మూడు నెలలకి ఒక సాయంత్రం మేడెక్కి వచ్చి, మా వరండాలో నిలబడి ప్లాంటు పొగగొట్టాల కేసి చూస్తూ అన్నారు: "ముప్పై ఏళ్లు డ్యూటీ రూము కిటికీలోంచి వీటినే చూశానమ్మా. పోయేలోపు వీటికంటే ఎత్తయినది ఒకటి చూడాలి."

అప్పటికే ఆవిడ దగ్గర ప్లాను ఉంది. ఎప్పుడో ఆవిడ చేత కట్టు కట్టించుకున్న ఒక మిలిటరీ ఆయన చెప్పాడట. హిమాలయాల్లో రోడ్డు లేని చోట, రోజు నడకకి ఒకటి చొప్పున చెక్క గుడిసెలు ఉంటాయని, వీపున సంచి వేసుకుని ఒక గుడిసె నుంచి ఇంకో గుడిసెకి నడుచుకుంటూ పోవచ్చని. ఆవిడ వాటిని గుడిసెలు అనలేదు, ఎప్పుడూ సత్రాలనే అన్నారు. ఐదు రోజులు, నాలుగు సత్రాలు. నాలుగో సత్రం గుమ్మంలో నిలబడితే పొద్దున్నే మంచుకొండ పాదం నుంచి తల దాకా కనిపిస్తుందట. ఆవిడకి కావలసింది ఆ గుమ్మం.

"తోడు ఎవరొస్తారండీ?" అన్నాను.

"మీరిద్దరూ" అన్నారు, మందు చీటీ చేతిలో పెట్టినట్టు.

మీరిద్దరూ అంటే నేనూ, మా ఆయనా. పొద్దున షాపు తెరిచి పరుపెక్కితే అన్నానికి తప్ప దిగని మనుషులం. మా ఆయన ఆ మాట విని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. దాంతో మా ఆయన నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోయింది.

ఇప్పుడు కొండ సంగతి. ఏటా క్రిస్మస్‌కి ఆవిడ హాల్లో ఒక మూల బ్రౌన్ పేపరు నలిపి, గంజి పట్టించి, రంగు చల్లి కొండలు చేసేవారు. వాటి కింద యేసు పుట్టిన పాక పెట్టేవారు. పండగ వెళ్లాక అన్నీ తీసి అటక మీదికి ఎక్కించేవారు. ఆ ఏడు మాత్రం తీయలేదు. మ్యాపు ముందు పెట్టుకుని ఆ కొండల్నే పెంచడం మొదలుపెట్టారు. కొండపల్లిలో బొమ్మలు చేసే ఆయన ఒకరు, ఆయనా ఆవిడ పాత పేషెంటే, అగ్గిపెట్టెంత ఇళ్లు నాలుగు చెక్కి రంగులేసి ఇచ్చాడు. అవి సత్రాలు. దారి చూపించడానికి నన్ను దారం అడిగారు. మా పుట్టిల్లు పెడనలో మగ్గాల ఇల్లు. ఎర్ర నూలు కండె ఒకటి తెచ్చిచ్చాను. మొదటి సత్రానికి దారం చుట్టి ఆవిడ కత్తెర అందుకోబోతుంటే ఆపాను.

"తెంపకండి. మా ఇళ్లల్లో బట్ట పూర్తయ్యేదాకా దారం తెంపరండీ. సాయంత్రం మగ్గం దిగినా కండె అలాగే వదిలేస్తారు."

"మంచి పద్ధతే. మా హ్యాండోవర్ లాంటిదే" అని కత్తెర పక్కన పెట్టేశారు.

హ్యాండోవర్ అంటే నర్సుల పద్ధతి. షిఫ్టు దిగే సిస్టరు ఎక్కే సిస్టరుకి ఒక పుస్తకం అప్పజెప్పి వెళ్తుంది. ఎవరెలా ఉన్నారు, ఏమిచ్చాం, ఏం పెండింగ్ ఉంది, అన్నీ అందులో ఉంటాయి. "పని మిగిలిపోవడం తప్పు కాదమ్మా. రాయకుండా దిగిపోవడం తప్పు" అనేవారు. మా ప్రయాణానికి కూడా అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి పెట్టారు. చేసిన ప్రతి ఏర్పాటూ అందులోకి ఎక్కేది, కుడి పక్క పెండింగ్ అని ఒక గడి.

మా ట్రైనింగ్ చూసి కాలనీ అంతా నవ్వుకుంది. కొత్త బూట్లు కాలికి అలవాటు కావాలని రెండు నెలలు తొడిగించారు. నేను చీర కింద ఆ బూట్లతో బస్సెక్కి వన్ టౌన్‌లో దిగి షాపుకి నడిచేదాన్ని. హోల్‌సేల్‌కి వచ్చిన ఖాతాదారులు నా మొహం చూడకుండా కాళ్లు చూసేవారు. సిస్టర్ గారు మా సంచుల్ని పసిపిల్లల్ని తూచే స్ప్రింగు త్రాసుకి వేలాడదీసి తూచేవారు. ఏడు కిలోలు దాటడానికి వీల్లేదు. మా ఆయన సంచి దాటింది. విప్పి చూస్తే నాలుగు లుంగీలు బయటపడ్డాయి.

"కొండ మీద లుంగీల షాపు పెడుతున్నారా అండీ?" అని అడిగి, ఒకటి ఉంచి మూడు వెనక్కి ఇచ్చారు.

చలికోట్లు పనికొస్తాయో లేదో చూడాలన్నారు. మా ఊళ్లో చలి ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్లని అడిగి మమ్మల్ని మిర్చి కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లారు. కోట్లు వేసుకుని మిరపకాయ బస్తాల మధ్య అరగంట నిలబడ్డాం. చలి సంగతేమో గానీ మా ఆయన ఆపకుండా తుమ్మాడు. ఆవిడ పుస్తకంలో రాసుకున్నారు: "కోట్లు బాగున్నాయి. తుమ్ములు చలివి కావు."

ఆదివారాలు ఆవిడ చర్చి నుంచి రాగానే కొండపల్లి ఖిల్లా. సంచులు వీపున వేసుకుని కింది నుంచి మెట్లదారిన ఎక్కేవాళ్లం. మొదట్లో పది మెట్లకోసారి కూలబడేవాళ్లం, ఆరో వారానికి ఆగకుండా పైకి చేరాం. పైన గోడ మీద కూర్చుని మజ్జిగ తాగి, రోడ్డు వైపు వచ్చే ఆటో ఎక్కి దిగిపోయేవాళ్లం. ఎక్కడమే కదా కష్టం, దిగడానికేముంది అనుకున్నాం. చుట్టూ చేలూ కాలవలూ తప్ప ఎత్తు తెలియనివాళ్లం మరి. అన్నీ తూచి, అన్నీ రాసిన సిస్టర్ గారికి కూడా తోచలేదు.

ఆ తప్పు హిమాలయాల్లో నడక మొదలుపెట్టిన రెండో రోజు బయటపడింది. మొదటి సత్రం దాటి గట్టు ఎక్కడం మాకు బాగానే సాగింది. ఆ తర్వాత రెండో సత్రం దాకా మొత్తం దిగుడే. గంట గడిచేసరికి మోకాళ్లు వణకడం మొదలుపెట్టాయి. మా ఆయన పక్కకి తిరిగి, కర్ర ఆనించి, ఒక్కో రాయి మీద కూర్చుంటూ దిగాడు. గైడు కుర్రాడు మూడుసార్లు కిందికి పోయి మళ్లీ పైకొచ్చి మాకోసం ఎదురుచూశాడు. సత్రం చేరగానే సిస్టర్ గారు మా ఆయన మోకాళ్లకి కట్టు కడుతూ, "ప్లానులో తప్పు నాదేనండీ. ఆటో ఎక్కించకుండా ఉండాల్సింది" అన్నారు. ఆయన తలొంచుకుని, "ఆటో పిలిచింది నేనే కదండీ" అన్నాడు.

మూడో రోజు మళ్లీ ఎక్కుడు. నిన్న ఆలస్యం చేశామన్న సిగ్గుతో నేను ఆగకుండా నడిచాను. మూడో సత్రం గుమ్మం తొక్కేసరికి తల పగిలిపోతోంది. ఎత్తుకి వచ్చే తలనొప్పి గురించి ఆవిడ మాకు వందసార్లు చెప్పి ఉన్నారు. దాచొద్దని మరో వందసార్లు చెప్పారు. జావ గ్లాసు చేతికిస్తూ, "తల ఎలా ఉందమ్మా?" అని అడిగారు. అప్పుడు ఆవిడ కళ్లు కిటికీలోంచి నాలుగో సత్రం వైపు దారి మీద ఉన్నాయి. ఆ మొహంలో ఉన్న సంబరం నేనెన్నడూ చూడలేదు.

"బాగానే ఉందండీ" అన్నాను.

తెల్లవారి అందరం లేచాం. నేను సంచి ఎత్తుకోబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, నేల మీద చెక్కల మధ్య గీత చూపించి, "దీని మీద మడమకి వేలు తగిలిస్తూ నాలుగడుగులు వెయ్యి" అన్నారు. రెండో అడుగుకే నేను గోడ పట్టుకున్నాను.

"ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచండీ."

ఆవిడ గైడుని పిలిచారు. అందరం కిందికి దిగాలని చెప్పారు. నేను ఏడుస్తూ, మా ఆయనతో నేను దిగిపోతాననీ, మీరు గైడుని తీసుకుని వెళ్లండనీ బతిమాలాను. ఒక్క రోజే కదా, ఎదురుగా ఉంది కదా అన్నాను.

"పేషెంటుని వదిలేసి డ్యూటీ దిగడం నాకు చేతకాదమ్మా. పద" అన్నారు. మళ్లీ వెనక్కి చూడలేదు. నా సంచి కూడా ఆవిడే మోశారు. కిందికి దిగేకొద్దీ నాకు తల తేలికైంది, గుండె బరువెక్కింది. ముందు రోజే నిజం చెప్పి ఉంటే అక్కడే ఒక రోజు ఆగి, తేరుకుని వెళ్లగలిగేవాళ్లమనీ, దానికోసమే ఆవిడ ప్లానులో ఒక రోజు అదనంగా ఉంచారనీ నాకు దారిలో గుర్తొచ్చింది.

అది నాలుగేళ్ల కిందటి మాట. మళ్లీ వెళ్దామని ఆవిడా అన్నారు, మేమూ అన్నాం. ఒక ఏడు షాపు, ఒక ఏడు ఆవిడ కూతురి కాన్పు, తర్వాత ఆవిడ గుండెకి డాక్టర్లు ఎత్తులు వద్దన్నారు. ఆ అబద్ధం సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాకు ధైర్యం చాల్లేదు.

కొండ మాత్రం హాల్లో అలాగే ఉండిపోయింది. క్రిస్మస్ వస్తే దాని కిందే పాక పెట్టేవారు, బాలయేసు రెండో సత్రానికి కాస్త దిగువన పడుకునేవాడు. అద్దె ఇవ్వడానికో, కూర గిన్నె ఇవ్వడానికో నేను వెళ్లినప్పుడల్లా నా కళ్లు అటే పోయేవి. మేం నడిచి వచ్చినంత మేరకే ఆవిడ చుట్టిన ఎర్ర దారం మూడో సత్రం దగ్గర ఆగిపోయి ఉండేది. నాలుగో సత్రం పైన ఒంటరిగా ఉండేది. ఆవిడ ఆ పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవారు. దారం నా వల్ల ఆగిందని నాకు గుర్తుచేయడానికే అలా ఉంచారేమో అనిపించేది. ఆవిడ అలాంటి మనిషి కాదని తెలిసీ అలా అనుకునేదాన్ని. తప్పు చేసినవాళ్ల బుద్ధి అలాగే ఉంటుంది.

పోయినవారి కోసం చర్చివాళ్లు పెట్టే ప్రార్థన, ఆదరణ కూడిక, అయి అందరూ వెళ్లాక ఆవిడ కూతురు నన్ను ఆగమంది. అట్ట వేసిన ఆ నోటుపుస్తకం తెచ్చి, "ఇది మీకే ఇవ్వమని అమ్మ ఎప్పుడో చెప్పిందక్కా" అని చేతిలో పెట్టింది. నేను ఆ కుర్చీలోనే కూర్చుని చివరి పేజీ తిప్పాను. మూడో సత్రంలో, ఆ పొద్దున, కిందికి దిగడానికి మేం సంచులు మళ్లీ సర్దుకుంటుంటే రాసిన పేజీ. అదే గుండ్రటి దస్తూరి.

"కుడి మంచం: మోకాళ్లు వాపు తగ్గింది. ఎడమ మంచం: తలనొప్పి దాచింది. నా మొహం చూసి దాచింది. ఇక ముందు పేషెంటు దగ్గర నా మొహం అలా పెట్టకూడదు. కిందికి దింపుతున్నాను. పెండింగ్: నాలుగో సత్రం. ఎక్కే షిఫ్టు వాళ్లకి: దిగడం ప్రాక్టీసు చేయాలి. ఆటో ఎక్కకూడదు."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నాలుగేళ్లు ఆ మనిషి నెత్తి మీదే కాపురముండి, ఒక్క మాట అడగకుండా నన్ను నేనే శిక్షించుకున్నాను. అడిగి ఉంటే ఆవిడ పుస్తకం తీసి చూపించేవారు, అంతే.

లేచి కొండ వెనక్కి వంగి చూశాను. అన్నాళ్లూ ముందు నుంచే చూశాను గానీ వెనక వైపు ఎప్పుడూ చూడలేదు. దారం మూడో సత్రం దగ్గర ఆగలేదు. దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి కాగితం కొండ వెనక్కి దిగింది. కింద గోడ వార నేనిచ్చిన కండె దుమ్ము పట్టి నిలబడి ఉంది. ఆవిడ దారం తెంపలేదు.

మే నెలకి మూడు టిక్కెట్లు తీశాం. మూడోది ఆవిడ కూతురిది. మొన్న ఆదివారం ముగ్గురం కొండపల్లి ఖిల్లా ఎక్కాం. పైన గోడ మీద మజ్జిగ తాగుతుంటే పాత ఆటో అతను గుర్తుపట్టి, "దిగుదామాండీ?" అని అడిగాడు. మా ఆయన ఆటో కేసి ఆశగా చూశాడు, నా కేసి చూశాడు, సంచి ఎత్తుకున్నాడు. ఆటో ఖాళీగా రోడ్డు పట్టింది. ఆ చప్పుడు మలుపులు తిరుగుతూ కిందికి పోయేదాకా విని, మేం మెట్లు దిగడం మొదలుపెట్టాం. పైనుంచి చూసినప్పుడు ప్లాంటు పొగగొట్టాలు మా కళ్లకి సమానంగా ఉన్నాయి. మేం ఒక్కో మెట్టూ దిగేకొద్దీ అవి మెల్లగా ఎత్తవుతూ వచ్చాయి.