పసుపు పెట్టిన చేయి

మైదుకూరు పక్క పసుపు ఉడకబెట్టే రోజుల్లో మధ్యాహ్నాలు మనిషిని మెలకువగా ఉండనివ్వవు. ఉడికిన కొమ్ముల వాసన కళ్లంలోంచి ఇంట్లోకి వచ్చి, ఫ్యాను కింద తిరిగి తిరిగి, చివరికి కనురెప్పల మీద కూర్చుంటుంది. ఎండకు ఆరేసిన పసుపు మీదుగా వచ్చే వెలుతురు గోడల్ని కూడా పచ్చగా చేసేది. ఆ రోజుల్లో జరిగినవన్నీ నాకు ఇప్పటికీ సగం కలలాగే గుర్తున్నాయి. అందులో ఒకటి మాత్రం నిజంగా కలే అయి ఉంటే బాగుండునని చాలా రోజులు అనుకున్నాను.

మా ఇంట్లో రెండు గినీ పిగ్గులు ఉండేవి. లారీలో పసుపు వేసుకొని బెంగళూరు వెళ్లిన మా ఆయన, వచ్చేటప్పుడు అట్టపెట్టెలో పెట్టుకొని తెచ్చారు. మా అత్త పెట్టెలోకి తొంగి చూసి, "ఎలకల్ని దుడ్లు పెట్టి కొనే మొగోన్ని నిన్నే సూస్తాండా" అని కొడుకును దులిపేసింది. వారం తిరక్కుండా వాటికి గరిక కోసుకొచ్చేది ఆమే అయింది. తోకలేని ఆ జీవాలు ఆమె అడుగుల చప్పుడు విని కుయ్‌కుయ్‌మని ఈల వేసేవి. "వస్తాండా, వస్తాండా, ఏం మునిగిపోయిందని?" అని ఆమె పెరట్లోంచే జవాబు చెప్పేది.

ఆడది రెండో ఈతలో చచ్చి బతికింది. పిల్లలు దక్కలేదు. ఇంకోసారి చూలైతే తల్లి కూడా దక్కదని కడపలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే డాక్టరు చెప్పాడు. అందుకని మగదానికి ఆపరేషన్ చేయించాం. వాడిని ఒళ్లో పెట్టుకొని నేనే బస్సులో ఇంటికి తెచ్చాను. డాక్టరు చెప్పింది రెండే మాటలు. కోసిన చోట ఏమీ పూయకూడదు. కొన్ని వారాలు ఆడదాన్ని పక్కకు రానివ్వకూడదు. ఇద్దరి మధ్యా ఇనుప జాలీ అడ్డం పెట్టాను.

అత్త కుట్లు చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఇంత పసుపు పండే ఊరికి, పుండు మీద రవ్వంత పసుపు లేకుండా పంపించినాడా ఆయప్ప?"

"అదంతా పాతకాలం అత్తా. డాక్టరు ఏమీ పూయొద్దన్నాడు" అన్నాను. డిగ్రీ చదివిన దాన్ని కదా, కొంచెం గట్టిగానే అన్నాను. ఆమె మూతి ముడుచుకొని వెళ్లి బండల మీద పడుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను వంటింట్లో తాలింపు పెట్టి వచ్చి వాడి పక్కన కూర్చున్నాను. వాడు చల్లటి కడప బండ మీద పొట్ట ఆనించి పడుకుని ఉన్నాడు. కోత చుట్టూ కాస్త ఎర్రగా కనిపించింది. అత్త అద్దం ఉన్న గోడ వైపు తిరిగి నిద్రపోతోంది. చిన్నప్పుడు నా మోకాలు పగిలినా, చెవులు కుట్టించినా, అన్నిటికీ మా అమ్మ చేతిలో ఉండేది పసుపే. నేను ఆలోచించలేదు. లేచి వెళ్లాను, చిటికెడు ఇంటి పసుపు అరచేతిలో వేసుకొని రెండు చుక్కల వేరుశనగ నూనెతో రంగరించాను, వచ్చి పూశాను. వాడు కదల్లేదు. ఆ తర్వాత అక్కడే ఒరిగి నిద్రపోయాను. లేచేసరికి అది నేను చేశానా, కల కన్నానా అనిపించింది. వేళ్లు మాత్రం పచ్చగా ఉన్నాయి.

మరుసటి రోజూ పూశాను, ఆ మరుసటి రోజూ. కోత మీద బంగారు రంగు పెచ్చు కట్టింది. మానిపోయిందని లోలోపల మురిసిపోయాను. అత్తకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆమె గెలిచినట్టు అవుతుంది.

రెండు రోజులకు పెచ్చు కింద రేగుపండంత గడ్డ లేచింది. వాడు గరిక ముట్టుకోలేదు. జాలీ అవతల ఆడది ఈల వేస్తే ఇవతల నుంచి జవాబు లేదు. ఈ జీవాలు ఒక్కరోజు తినకపోయినా పేగులు ఆగిపోయి ప్రాణం పోతుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. నేనూ అత్తా వాడిని తువ్వాలులో చుట్టుకొని కడప బస్సెక్కాం.

డాక్టరు పెచ్చును దీపం కిందికి తిప్పి చూశాడు. "పసుపు ఎవరు పెట్టినారు?"

నేను తువ్వాలు మడత పెట్టసాగాను.

"నేనే పెట్టినా నాయనా" అంది అత్త. "ముసిలిదాన్ని, తెలీక పెట్టినా."

"ఎన్నిసార్లు చెప్పాల అవ్వా మీకు? పైన మూత పెట్టేసినారు, లోపల కుళ్లిపోయింది. ఇది బతక్కపోతే ఎవరిది తప్పు?" అని ఆయన కడిగేశాడు. అత్త తలవంచుకొని నిలబడింది.

నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ ఉన్నాను. నాకు తెలియకుండా ఆమె కూడా పెట్టి ఉంటుందని ఒక ఆలోచన వచ్చింది. అయితే చెడిపోయింది ఆమె పసుపు వల్లే అయి ఉండొచ్చు. ఆ క్షణంలో నాకు కలిగింది ఊరట. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఊరటే.

డాక్టరు మత్తిచ్చి గడ్డ కోశాడు. గట్టి పెరుగులాంటి చీము వచ్చింది. పైన మూసుకుపోకుండా ఆ పుండును తెరిచే ఉంచాలని, కింది నుంచి కండ పెరుగుతూ పైకి రావాలని చెప్పాడు. సూది లేని సిరంజి నా చేతికి ఇచ్చాడు. పొద్దున, సాయంత్రం సెలైన్ నీళ్లతో లోపల కడగాలి. గరిక మెత్తగా నూరి ఇంకో సిరంజితో తినిపించాలి. "చెయ్యి వణక్కూడదు అమ్మా. వణికితే లోపల గుచ్చుకుంటాది" అన్నాడు.

తర్వాతి రోజులు నీళ్లలో నడిచినట్టు గడిచాయి. అత్త వాడిని చీర కుచ్చిళ్లలో వెల్లకిలా పడుకోబెట్టుకునేది. ఆమె చేతులు ఎప్పటినుంచో వణుకుతాయి, అందుకని రెండు మోకాళ్ల మధ్యే అదిమి పట్టేది. నేను ఊపిరి బిగబట్టి నీళ్లు వదిలేదాన్ని. బయటికి వచ్చే నీళ్లు మొదట తెల్లగా మడ్డిగా, తర్వాత లేత ఎరుపుగా ఉండేవి. కళ్లంలో కూలీల మాటలు ఎక్కడో దూరపు ఊర్లో నుంచి వస్తున్నట్టు వినిపించేవి. వాడి గుండె నా వేళ్ల కింద గబగబా కొట్టుకునేది. అది ఆగకుండా ఉంటే చాలు, ఇంకేమీ అడగనని ఏ దేవుడికో చెప్పుకుంటూ ఉండేదాన్ని.

ఆరో రోజు నీళ్లు తేటగా వచ్చాయి. ఆ సాయంత్రం ఆడది ఈల వేసింది. అత్త ఒళ్లో ఉన్న వాడు తలెత్తి, సన్నగా, బొంగురుగా బదులిచ్చాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"అత్తా, ఆ పసుపు పెట్టింది నేను" అన్నాను.

"నాకు తెల్దా? బండ మీద పండుకున్నా గానీ నిద్రబోలేదు. అద్దంలో అంతా కనపడతాండె."

"నువ్వు పెట్టలేదా?"

"నువ్వు వద్దంటివి కదమ్మే, నేనేల పెడతా?"

"మరి అక్కడ నేనే పెట్టినా అని ఎందుకన్నావు?"

అత్త పక్కనున్న బుట్టలోంచి గరిక పోచ తీసింది. "ఆయప్ప ఆ మాటలు నిన్ను అనింటే, వాన్ని ముట్టుకునేటప్పుడల్లా నీ చెయ్యి వణికేది. నాదంటావా, ఎట్లాగూ వణికే చెయ్యే."

ఆమె వేళ్ల మధ్య గరిక పోచ ఊగుతూనే ఉంది. వాడు రెండుసార్లు గురి తప్పి, మూడోసారి దాన్ని పట్టుకొని తిన్నాడు.